పడవ దిగితేనే కోనసీమ

ఇప్పుడు కోనసీమ చూడ్డానికి వచ్చేవాళ్ళు దిండిలో దిగుతారు. హౌస్‌బోటు ఎక్కుతారు, కొబ్బరి చెట్ల కింద ఫొటోలు తీసుకుంటారు, పీతల వేపుడు తింటారు, "అచ్చం కేరళలా ఉందండీ" అని మెచ్చుకుని వెళ్తారు. మెచ్చుకోలుని కాదనకూడదు గానీ నాకు మాత్రం కొంచెం చురుక్కుమంటుంది. వాళ్ళు ఒక దీవిలోకి వచ్చి, మళ్ళీ దీవిలోంచి బయటికి వెళ్ళారు. ఆ సంగతి వాళ్ళకి తెలియనే తెలియదు. సిద్ధాంతం వంతెన మీదో చించినాడ వంతెన మీదో కారులో కునుకు తీస్తూ గోదారిని దాటేశారు.

తూర్పున గౌతమి, పడమట వశిష్ఠ, దక్షిణాన బంగాళాఖాతం. ఈ మూడింటి నడుమ ఉన్న ముక్కోణం కోనసీమ. మధ్యలో వైనతేయ పాయ ఒకటి చీలి, అమలాపురం వైపుని, రాజోలు వైపుని వేరు చేస్తుంది. మా కొత్తపేట ఈ ముక్కోణానికి పైకొసన, ధవళేశ్వరానికి దగ్గరగా ఉంటుంది. 1960ల్లో మా ఊరి నుంచి ఎటు వెళ్ళాలన్నా ఏదో ఒక రేవుకి చేరాల్సిందే. కాకినాడ వెళ్ళాలంటే ముక్తేశ్వరం రేవులో పడవెక్కి కోటిపల్లిలో దిగాలి. నరసాపురం వెళ్ళాలంటే సఖినేటిపల్లి రేవు. యానానికి ఎదుర్లంక రేవు. పెళ్ళివారైనా, పెట్టెతో వచ్చే కొత్త మాస్టారైనా, ఓట్లడగడానికి వచ్చే నాయకుడైనా పడవ దిగితేనే కోనసీమ.

దీవి అనేసరికి లోకానికి దూరంగా, ఎవరి గోలా పట్టకుండా ఉండే చోటనుకుంటారు. మా పెద్దవాళ్ళ బతుకు చూసినవాణ్ణి కనక ఆ మాట ఒప్పుకోలేను. మా తాతయ్య పొరుగు తాలూకాలో బస్సెక్కిన సందర్భాలు తక్కువ. కానీ ఆయన తోట కాయ గుజరాత్ వెళ్ళేది, ఆయన చావట్లో వాసాలకి బర్మా టేకు వచ్చింది, ఆయన మేనకోడలికి పెళ్ళి జరిగింది ఫ్రెంచి వాళ్ళ ఏలుబడిలో. నీళ్ళు మాకు అడ్డంకి కాదు, అవే దారి. ఆ దారిలో నడిచిన బతుకే ఇప్పుడు లేదు.

ఆ దారికి నడుం కట్టింది కాటన్ దొర. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించాడని, డెల్టాని పచ్చగా చేశాడని అందరూ చెబుతారు. చాలామంది మరిచిపోయేది ఏమిటంటే, ఆయన లెక్కలో కాలవ పంటకి ఎంతో పడవకీ అంతే. రైళ్ళకంటే నీటి దారులే ఈ దేశానికి చవక అని ఇంగ్లండులో గట్టిగా వాదించినవాడాయన. అందుకే మా కాలవలకి మలుపులు నింపాదిగా ఉంటాయి, గట్లు మనిషి నడిచేంత వెడల్పుగా ఉంటాయి, నీటిమట్టం మారే చోటల్లా లాకులుంటాయి. గోదారి కాలవల్లో ఎక్కిన సరుకు ఏలూరు కాలవ, కృష్ణ, కొమ్మమూరు కాలవ, బకింగ్‌హాం కాలవ పట్టుకుని మద్రాసు దాకా నీటి మీదే పోగలిగేది. కాకినాడ నుంచి మద్రాసుకి సముద్రం మొహం చూడకుండా పడవలో పోవచ్చంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు.

కాలవ పడవలు రకరకాలు. సరుకు పడవలు బారుగా, బరువుగా, నీళ్ళలో సగం మునిగి కదిలేవి. జనం ఎక్కే గూటి పడవకి పైన తాటాకుతోనో తట్టీలతోనో గూడు కట్టి ఉండేది. గాలి వాటంగా ఉంటే తెరచాప ఎత్తేవారు. గాలి పడిపోతే గెడ వేసేవారు. ఎదురుగాలైతే ఇద్దరు ముగ్గురు గట్టెక్కి, పడవకి కట్టిన తాడు భుజాన వేసుకుని వంగి నడిచేవారు. వాళ్ళ అడుగుల కింద గట్టు మీద గడ్డి మొలిచేది కాదు. చుక్కాని దగ్గర సరంగు కూచుని, "ఒడ్డు కాసుకోండ్రోయ్" అని అరుస్తూ ఉండేవాడు. వాళ్ళ ఇల్లు, వంటిల్లు అన్నీ పడవే. వెనక అరుగు మీద మట్టి పొయ్యి, దాని మీద చేపల పులుసు. సాయంత్రం కాలవలో సరుకు పడవ పోతుంటే ముందు చింతపండు వాసన వచ్చేది, తరవాత పడవ కనిపించేది.

ఎండాకాలంలో మరమ్మతులకని కాలవలు కట్టేసేవారు. అప్పుడు పడవలన్నీ అడుగు బురదలో ఒరిగి పడుకునేవి. వాటికి ఆ రోజుల్లోనే కలపతులు చేసి, సందుల్లో పీచు కూరి, తారు పూసేవారు. మాకు అదో తమాషా. జూన్‌లో నీళ్ళు వదిలారన్న కబురు నీళ్ళకంటే ముందొచ్చేది. ఎర్రనీళ్ళు గడ్డీ గాదం తోసుకుంటూ వస్తుంటే పిల్లలం గట్టు మీద వాటితోపాటు పరిగెత్తేవాళ్ళం.

లాకుల దగ్గర మాత్రం ఎంత తొందరున్నవాడైనా ఆగాల్సిందే. మాకు పైన లొల్ల లాకులు. మధ్య డెల్టా ప్రధాన కాలవ అక్కడికొచ్చి చీలుతుంది. ఇప్పుడు సినిమా పాటల్లో కనిపిస్తుంటుంది ఆ చోటు. పైనుంచి వచ్చిన పడవ లాకు గదిలోకి దూరేది. వెనక తలుపులు మూసేవారు. ముందు తలుపుల్లోని చిన్న కిటికీలెత్తితే గదిలో నీరు దిగేది, నీటితోపాటు పడవా దిగేది. గోడలు పైకి లేస్తున్నట్టుండేది మాకు. కింది నీరూ గదిలో నీరూ సమానం కాగానే, అంతసేపూ పదిమంది తోసినా కదలని తలుపులు ఇద్దరు తోస్తే తెరుచుకునేవి. ఫిజిక్సు మాస్టారు చెప్పకముందే నీటిమట్టం సంగతి మాకు లాకుల్లో తెలిసింది. అక్కడ సోడా కొట్టు, టీ కొట్టు, వేరుశనక్కాయల బుట్ట. రాజమండ్రి ధరలు, అమలాపురం కోర్టు తీర్పులు, ఎవరి అమ్మాయి పెళ్ళి ఎక్కడ కుదిరిందో అన్నీ అక్కడే తెలిసేవి.

ఆ పడవలో అందరూ ఒకటేనని ఇప్పుడు చెప్పుకుంటే అబద్ధం. గూడు కింద నీడలో ఎవరు కూచోవాలి, ఎండలో అరుగు మీద ఎవరు కూచోవాలి అనేది ఎవరూ చెప్పనక్కర్లేకుండా జరిగిపోయేది. కులం పడవెక్కి మాతోపాటే ప్రయాణం చేసేది. మంచినీళ్ళ చెంబు అందరి చేతికీ అందేది కాదు. పాత రోజులు తల్చుకునేవాళ్ళం ఈ సంగతి మింగేస్తే ఆ అరుగు మీద కూచున్నవాళ్ళు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా.

సరుకు సంగతికొస్తే మాకు కొబ్బరిదే పెద్ద పీట. దింపు రోజంటే తోటలో పండగ. దింపు కార్మికుడు కాళ్ళకి బందం వేసుకుని, మొలలో కత్తితో చెట్టెక్కేవాడు. గెల కింద పడ్డ చప్పుడుని బట్టే కాయ ముదురో లేతో చెప్పగలిగినవాళ్ళుండేవారు. తరవాత ఒలుపు. నేలలో పాతిన గునపం మొన మీద కాయని పొడిచి మూడు తిప్పుల్లో డొక్క ఊడదీసేవాడు ఒలిచేవాడు. డొక్క పొయ్యిలోకీ పీచు తాళ్ళకీ పోయేది. మట్టలు దడికి, ఈనెలు చీపుళ్ళకి, చిప్పలు బొగ్గుకి. చెట్టులో పారేసేది ఏమీ లేదని మా నాయనమ్మ అనేది. పారెయ్యదగ్గ మాట కాదు అది.

అన్ని కాయలూ పచ్చిగా అమ్మేవారు కాదు. ముదిరిన కాయల్ని డొక్కతోనే అటక మీద పోసి నెలల తరబడి వదిలేసేవారు. లోపలి నీరు ఇంకిపోయి, కొబ్బరి చిప్పని వదిలి గుండ్రంగా ఉండలా మిగిలేది. అది కురిడీ. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గటగటా కదిలేది. ఇప్పటికీ అంబాజీపేట మార్కెట్ ధరల్లో గండేరా, గటగట అన్న రకాలు పేపర్లో కనిపిస్తాయి. లెక్కంతా వెయ్యి కాయల మీద. ఆ కురిడీ గుజరాత్‌కీ రాజస్థాన్‌కీ మహారాష్ట్రకీ పోయి అక్కడి పెళ్ళిళ్ళలో, పూజల్లో, మిఠాయిల్లో తేలేది. కొనేవాడి భాష రైతుకి రాదు, రైతు మొహం కొనేవాడు చూడడు. మధ్యలో అంబాజీపేట దళారీ మాట, వాడి చిన్న నోటు పుస్తకం. కాయ పడవెక్కేది ఇవాళ, డబ్బు చేతికొచ్చేది పండక్కి. అయినా నడిచేది. అంబాజీపేటలో 1955లో కొబ్బరి పరిశోధన కేంద్రం పెట్టారంటే, ఈ వ్యాపారం ఎంత పెద్దదో సర్కారుకీ తెలిసిందన్నమాట.

వెళ్ళిన పడవలు ఖాళీగా వచ్చేవి కాదు. అరటి గెలలూ కొబ్బరికాయలూ ధాన్యం బస్తాలూ తీసుకెళ్ళి, భద్రాచలం వైపు నుంచి దిగిన కలప, వెదురు, పెంకులు, సున్నం, కిరసనాయిలు డబ్బాలు తెచ్చేవి. సముద్రం వైపు నుంచి ఉప్పూ ఎండుచేపలూ వచ్చేవి. మా వీధిలో ఏ ఇల్లు కడుతున్నా ముందు కాలవ గట్టున పెంకులు దిగేవి. సంక్రాంతికి కొత్తపేట ప్రభల తీర్థానికి చుట్టాలు దిగేదీ ఆ గట్టు మీదే. బాణసంచా పెట్టెలు కూడా పడవలో వస్తాయేమోనని మేం ప్రతి పడవకీ ఎదురెళ్ళేవాళ్ళం.

ఈ వ్యాపారం మా తాతల కాలంలో పుట్టింది కాదు. వైనతేయ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో బెండమూర్లంక ఉంది. ఇప్పుడు చూస్తే కొబ్బరి తోటలు, రొయ్యల చెరువులు ఉన్న మామూలు ఊరు. 18వ శతాబ్దంలో అక్కడ ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఫ్యాక్టరీ ఉండేది. ఫ్యాక్టరీ అంటే యంత్రాలు కాదు, బట్ట కొని గోదాముల్లో పోసి ఓడకెక్కించే కొఠీ. చుట్టుపక్కల ఊళ్ళ మగ్గాల మీద నేసిన బట్ట కోసమే తెల్లవాళ్ళు ఈ లంకల్లోకి వచ్చింది. నేతగాడికి ముందే బయానా ఇచ్చి, తామే కట్టిన ధరకి బట్ట లాక్కునే పద్ధతి వాళ్ళది. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఇటు దండెత్తి వచ్చి నరసాపురం పక్కన మాధవాయపాలెం, మా బెండమూర్లంక, గౌతమి ఒడ్డున ఇంజరం కొఠీలన్నీ పట్టుకున్నాడు. యూరపులో రాజులు కొట్టుకుంటే ఆ గొడవ మా లంకల దాకా వచ్చింది. అంతకు ముందే పాలకొల్లులో డచ్చివాళ్ళు పాతుకున్నారు. యానాంలో ఫ్రెంచివాళ్ళు స్థిరపడ్డారు. మా పుల్లేటికుర్రులోనూ బండారులంకలోనూ ఇవాళ్టికీ మగ్గం చప్పుడు వినిపిస్తుంది. కొఠీలు పోయాయి, మగ్గం నిలబడింది. నేతగాడి అప్పు కూడా నిలబడింది.

యానాం మాకు గౌతమి అవతలి విదేశం. 1954 దాకా అక్కడ ఫ్రెంచి ఏలుబడి. మంగళవారం సంతకి సీమ గుడ్డలొచ్చేవని మా అమ్మమ్మ చెప్పేది. అంతకంటే ఎక్కువ చెప్పింది పెళ్ళిళ్ళ గురించి. బాల్య వివాహాలు కూడదంటూ 1929లో శారదా చట్టం వచ్చింది. ఆ చట్టం యానాంలో చెల్లదు. ఇంకేముంది, ఎనిమిదేళ్ళ పిల్లనీ పదేళ్ళ పిల్లనీ పడవలో కూచోబెట్టి, మేళంతో సహా ఏరు దాటించి, అక్కడ మూడు ముళ్ళు వేయించి మళ్ళీ పడవెక్కించేవారు. మా తాతయ్య మేనకోడలిదీ అలాంటి పెళ్ళే. ఆవిడ ముసలితనంలో ఆ సంగతి చెబుతూ పెళ్ళికొడుకు మొహం గుర్తులేదు గానీ పడవలో పెట్టిన లడ్డు గుర్తుందనేది. అందరూ నవ్వేవారు. ఆవిడ నవ్వేది కాదు. నీటి దారి సరుకుతోపాటు ఇలాంటివీ మోసింది.

గౌతమి ఉత్తరపు ఒడ్డున కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే పెద్ద రేవు. 1789లోనూ 1839లోనూ తుపానులొచ్చి ఉప్పెన ఊరి మీద పడడంతో దాని వైభవం పోయింది. ఓడలు కాకినాడకి మళ్ళాయి. బర్మాలో మాత్రం తెలుగు కూలీని 'కోరంగి' అనే పిలిచేవారు. కాకినాడ నుంచి స్టీమరెక్కి రంగం, అంటే రంగూన్, పోయినవాళ్ళు గోదారి జిల్లాల్లో ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. వరిచేలల్లో, మిల్లుల్లో, రేవుల్లో పనిచేసి డబ్బు పంపించేవారు. 1942లో జపాను వాళ్ళు రంగూనులో దిగాక చేతికందింది పట్టుకుని అడవుల్లోంచి నడిచి ఇళ్ళకి చేరినవాళ్ళున్నారు, చేరనివాళ్ళున్నారు. అలా తిరిగొచ్చిన ఒక ముసలాయన మా రేవులో పీచు తాడు పేనుతూ కూచునేవాడు. మాతో తెలుగులోనే మాట్లాడేవాడు. బియ్యం ధర మాత్రం రంగూన్లో ఎంతుండేదో చెప్పాకే ఇక్కడిది చెప్పేవాడు.

సముద్రం మాకు పాతిక మైళ్ళ పైనే దూరం. అయినా ఏటా చూసేవాళ్ళం. మాఘమాసంలో అంతర్వేది తీర్థం. దశమి రాత్రి లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, భీష్మ ఏకాదశినాడు రథం, పౌర్ణమినాడు సముద్ర స్నానం. ఎడ్లబండి కట్టుకుని, చాపలూ బియ్యమూ పచ్చడి జాడీ వేసుకుని గన్నవరం దాకా వెళ్ళేవాళ్ళం. అక్కడ అక్విడెక్టు ఉంది. కింద వైనతేయ పారుతుంటే, దాని మీద నలభై తొమ్మిది కమానుల వంతెన కట్టి, ఆ వంతెన మీదనుంచి కాలవని అవతలికి పంపారు. ఆనకట్ట కట్టిన రోజుల్లోనే, 1850ల మొదట్లో కట్టింది. నది మీద కాలవ నడవడం చూసి మా బండివాడు ఏటా ఒకే మాట అనేవాడు: "ఆయ్, నీళ్ళకి నీళ్ళే అడ్డమొత్తే ఇలాగే మీంచి పోవాలండి."

ఆ అక్విడెక్టుకి దగ్గర్లోనే లంకల గన్నవరం, డొక్కా సీతమ్మగారి ఊరు. 1841లో పుట్టి 1909లో పోయిన ఆ తల్లి ఏరు దాటి వచ్చే బాటసారులకి వేళ కాని వేళ కూడా అన్నం పెట్టింది. కులమడిగి పెట్టలేదని చెప్పుకుంటారు. రేవు ఊళ్ళో అన్నదానమంటే ఏమిటో ఇప్పటివాళ్ళకి సులువుగా తెలియదు. ఏరు పొంగితే పడవ కట్టేస్తారు. అవతలికి పోలేక, వెనక్కి రాలేక పిల్లాజెల్లాతో రేవులో చిక్కుకున్నవాడికి ఆ పూట హోటలుండదు, తెలిసినవాళ్ళుండరు. తలుపు కొడితే తీసే ఇల్లు ఒకటి ఉందన్న ధైర్యమే ఆ దారిని నడిపించింది. పాత అక్విడెక్టు పక్కన 2000లో కొత్తది పూర్తయితే ఆవిడ పేరే పెట్టారు. తగిన పని.

అక్విడెక్టు దాటాక అవతలి వైపు కాలవ పడవ. రాజోలు దాటాక చెట్ల మధ్య సందులు పెరిగేవి, ఆకాశం విశాలమయ్యేది, గాలిలో ఉప్పు తగిలేది. సఖినేటిపల్లి నుంచి జనం తీర్థానికి బారులు తీరేవారు. గుడి చుట్టూ జీళ్ళు, ఖర్జూరాలు, గాజులు, కొయ్య బొమ్మలు. ఇప్పుడున్న గుడిని 1823లో కోపనాతి కృష్ణమ్మ కట్టించాడు. అగ్నికుల క్షత్రియుడు, ఓడల మీద వ్యాపారం చేసినవాడు. సముద్రంలో తప్పిపోయిన ఓడలు తిరిగొస్తే గుడి కట్టిస్తానని మొక్కుకున్నాడని, అవి వచ్చాయని కథ. కథ ఎలా ఉన్నా, సముద్రం మీద సంపాదించిన డబ్బు సముద్రపు ఒడ్డునే దేవుడికి గుడి అయ్యిందన్నది కళ్ళెదుట కనిపిస్తుంది. కోనసీమ వ్యాపార చరిత్ర రాతి మీద చదవాలంటే కలెక్టరాఫీసుకి వెళ్ళక్కర్లేదు, అంతర్వేది గోపురం చూస్తే చాలు.

అక్కణ్ణుంచి అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా నడిచేవాళ్ళం. వశిష్ఠ సముద్రంలో కలిసే చోటది. ఒకవైపు నది నీరు మట్టి రంగు, రెండోవైపు సముద్రం రంగు, మధ్యలో నురగ. పల్లిపాలెం వాళ్ళు అలివి వల ఒడ్డుకి లాగుతుంటే మేమూ తాడు పట్టుకునేవాళ్ళం. వల ఒడ్డెక్కాక లాగిన చేతికి నాలుగు చేపలు పెట్టడం వాళ్ళ మర్యాద. మేం శాకాహారం దీక్షలో ఉన్నామని తెలిసినా పెట్టేవారు, మా బండివాడు ఆనందంగా పుచ్చుకునేవాడు. అప్పట్లో బీచికి 'వెళ్ళడం' లేదు. స్నానానికి వెళ్ళేవారు, పనికి వెళ్ళేవారు, పిండం పెట్టడానికి వెళ్ళేవారు. ఊరికే కూచుని చూడ్డానికి వెళ్ళేవాళ్ళు పిల్లలం మాత్రమే.

ఇదంతా ఒక్కరోజులో పోలేదు. జాతీయ రహదారి మీద గౌతమికీ వశిష్ఠకీ వంతెనలు పడ్డాయి. రావులపాలెం అరటి మార్కెట్టుకి లారీలు వచ్చి నిలబడ్డాయి. కర్పూర చక్కెరకేళి గెల పొద్దున కోస్తే మర్నాటికి ఒడిశాలో ఉంటుంది. పడవ ఆ పందెంలో నిలవలేదు. మా కొత్తపేట ఆ రోడ్డుకి దగ్గర కనక దీవి గుణం ముందు మాకే పోయింది. రాజోలు వైపు చివరిదాకా నిలిచింది. తరవాత చించినాడ, బోడసకుర్రు వంతెనలు. యానాం ఎదుర్లంకల మధ్య, లోక్‌సభ స్పీకరుగా చేసిన బాలయోగిగారి పేరిట పెద్ద వంతెన. ఒక్కో వంతెనకీ ఒక్కో రేవు మూతపడింది. టికెట్లు చింపే కుర్రాడు, సోడాల కొట్టు, గెడ పట్టే ముసలివాడు ఎటు పోయారో ఎవరూ లెక్క రాయలేదు. వాళ్ళ పిల్లలు కొందరు లారీ క్లీనర్లయ్యారు, కొందరు రొయ్యల చెరువుల్లో కాపలాకి కుదిరారు. ఆడపిల్లలు కొందరు కువైట్ వెళ్ళారు.

వంతెనలు వద్దన్న మనిషిని నేను చూడలేదు. నేనూ అనను. నొప్పులొచ్చిన మనిషిని అర్ధరాత్రి మంచం మీద మోసుకెళ్ళి, అవతలి గట్టున నిద్రపోతున్న పడవవాణ్ణి కేకలేసి లేపిన ఇళ్ళకి వంతెన విలువ తెలుసు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదారి 75.6 అడుగులకి చేరినప్పుడు మా లంకలు చూసిన భయం, రోడ్డంటూ ఉన్న ఊళ్ళు అంతగా చూడలేదు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను మా మీదుగా పోయాక పొద్దున లేచి చూస్తే కొబ్బరి తోట ఉన్న చోట ఆకాశం ఉంది. కూలిన చెట్లని తప్పించుకుంటూ బియ్యం, మందులు తెచ్చినవి లారీలే. కాలవల మీద ఆశ పెట్టుకుని ఉంటే ఇంకా కొందరు పోయేవారు.

పోయిందేమిటి మరి? నా లెక్కలో పోయింది పడవ కాదు, తెలివి. గాలి ఏ వేళకి మళ్ళుతుందో, ఏ నెలలో ఏ రేవులో మేట వేస్తుందో, వరద తీసే ముందు నీటి రంగు ఎలా మారుతుందో, పోటుకి ఎంతసేపు ఆగితే బరువు పడవ తేలుతుందో, ఇవన్నీ ఊళ్ళో పదిమందికి తెలిసిన రోజులవి. ఆ పదిమందీ చదువుకోనివాళ్ళు. వాళ్ళకి తెలిసింది ఎవరూ రాసుకోలేదు, అవసరం తీరాక ఎవరూ అడగలేదు. దాంతోపాటు కాలవ మీద గౌరవం పోయింది. దారిగా ఉన్నన్నాళ్ళు కాలవలో ఎవరైనా చెత్త వేస్తే సరంగు తిట్టేవాడు, లాకు సూపరింటెండెంటు జరిమానా వేసేవాడు, గట్టు ఆక్రమిస్తే తాడు లాగేవాళ్ళు కంచె పీకేసేవారు. దారి కాకుండా పోయాక కాలవకి కాపలాలేదు. గుర్రపు డెక్క పరుచుకుంది, గట్ల మీద షెడ్లు లేచాయి, ఊళ్ళ మురుగంతా అందులోకి మళ్ళింది. ఇళ్ళన్నీ కాలవకి మొహం పెట్టి కట్టుకున్నవే, ఇప్పుడు వీపు పెట్టుకుని కూచున్నాయి.

మిగిలినవి కొన్నున్నాయి. సఖినేటిపల్లి, నరసాపురం మధ్య పంటు ఇంకా నడుస్తోంది. మోటారు సైకిళ్ళు, ఆటోలు, చేపల బుట్టలు, కాలేజీ పిల్లలు అందరూ దాని మీద వశిష్ఠని దాటుతారు. ఆ కాసేపు ఫోను పక్కన పెట్టి పక్కవాడి ఊరేదో అడిగేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి వెళ్ళే ప్రభల్ని గంగలకుర్రు వాళ్ళు ఇవాళ్టికీ కౌశిక నదిలో దిగి, నడుములోతు నీళ్ళలోంచి భుజాల మీద మోసి దాటిస్తారు. చూడ్డానికి రాష్ట్రం నలుమూలల నుంచీ జనం వస్తారు. అంటే నీటిలో దిగడం మాకు సిగ్గు కాదు, ఏడాదికోసారి అది మాకు పౌరుషం కూడా.

2022లో కోనసీమ జిల్లా అయింది. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా 1928లో వేసిన రైలు పట్టాలు 1940లో యుద్ధానికని పీక్కుపోయారు, మళ్ళీ 2004లో వేశారు. అక్కణ్ణుంచి గోదారి పాయలు దాటించి నరసాపురం తీసుకెళ్ళే లైను పని ఏళ్ళ తరబడి సాగుతోంది. అది పూర్తయితే మంచిదే, నేనూ టికెట్ కొనుక్కుంటాను. కానీ పర్యాటకం పేరుతో ఖర్చుపెట్టే డబ్బులో కొంత లొల్ల నుంచి అమలాపురం దాకా కాలవ పూడిక తియ్యడానికీ, లాకుల తలుపులు బాగుచెయ్యడానికీ పెట్టమని అడుగుతాను. దిండిలో హౌస్‌బోటు తిరిగినచోటే తిరుగుతుంది. అదే పడవ కొత్తపేట గట్టున ఆగి, లాకు దిగి, అంబాజీపేటలో కురిడీ కొనిపించి, బండారులంకలో చీర చూపించి అమలాపురంలో దించితే, వచ్చినవాళ్ళకి కేరళ గుర్తుకు రాదు. మాకు కూడా మురుగు కాలవ అన్న మాట నోట్లోంచి రాదు. ఆ కాలవని జనాన్ని మొయ్యడానికే తవ్వారు. ఇప్పుడు మోయించడానికి కావలసింది పూడిక తీసే మనుషులు, తలుపులు తిప్పే లస్కర్లు, ఏటా కాస్త బడ్జెట్టు. అంతకంటే ఏమీ అక్కర్లేదు.